కువైట్ కడుపుకి కడప చిట్కాలు

కువైట్‌లోని సులైబియాలో ఉంటూ కడుపు బాగుందని చెప్పేవాడు ఇంకా పనిలో చేరనివాడై ఉండాలి. ఫర్దా కూరగాయల మార్కెట్లో తెల్లవారకముందే టమాటా పెట్టెలు దించేవాళ్ళు, కోల్డ్ స్టోరేజీల్లో చలికీ ఎండకీ మధ్య తిరిగేవాళ్ళు, తోటల్లో నీళ్ళు కట్టేవాళ్ళు, లారీలు తోలేవాళ్ళు, కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) ఇంట్లో వంట చేసే అక్కలు... రాయచోటి, రాజంపేట, కడప, చిత్తూరు, గోదావరి జిల్లాల నుంచి వచ్చిన మనవాళ్ళందరికీ ఉన్న రోగం ఒక్కటే. దాని పేరు గ్యాస్. ఛాతీలో మంట వచ్చినా గ్యాసే, పులితేన్పులు వచ్చినా గ్యాసే. మూడు రోజులుగా మోషన్ కాకపోయినా గ్యాసే, రోజుకు ఆరుసార్లు అయినా గ్యాసే.

రోగం ఒక్కటే అయినప్పుడు మందూ ఒక్కటే ఉండాలి కదా. అదే ఊరి నుంచి వచ్చే ముదురురంగు సీసా. ద్రాక్షారిష్టం, అభయారిష్టం, కుమార్యాసవం, పేరేదైనా పర్లేదు. ఆ సీసాను ఎలా వాడుకుంటే కడుపు, కొలువు, అకామా (ఇక్కడ ఉండే అనుమతి) మూడూ ఒకే దెబ్బకు పోతాయో రూముల్లోని పెద్ద వైద్యుల దగ్గర సేకరించి, వరసగా ఇస్తున్నాం. తు.చ. తప్పకుండా పాటించండి. ఫలితానికి గ్యారంటీ మాది.

1. కారణం జోలికి పోకండి

రాత్రి రెండింటికి లేవండి. నల్ల టీలో ఖుబూజ్ రొట్టె ముక్క ముంచుకుని తిని మార్కెట్‌కి వెళ్ళండి. ఎనిమిదింటికి ఇంకో టీ, ఒక సిగరెట్. పదకొండింటికి మళ్ళీ అదే. సాయంత్రం నాలుగింటికి రూముకొచ్చి, పొద్దుటి నుంచి బాకీ పడిన అన్నమంతా ఒకేసారి కలుపుకోండి. పక్కన అమ్మ పంపిన గోంగూర పచ్చడి, ఎర్ర కారం, మామిడికాయ ఊరగాయ మూడూ ఉండాలి. పళ్ళెం కడగకముందే బంక్ బెడ్ మీద వాలిపోండి.

నీళ్ళు మాత్రం తాగకండి. తాగితే పని మధ్యలో బాత్‌రూమ్‌కి వెళ్ళాలి, ముదీర్ (మేనేజర్) ముఖం మాడ్చుకుంటాడు. 2016 జూలైలో ఈ దేశంలోని మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది. జూన్ మొదలు ఆగస్టు చివరి దాకా పగలు 11 నుంచి 4 వరకు ఆరుబయట పని చేయించకూడదని ఇక్కడి సర్కారు నియమం. అంత వేడిలో చెమటగా పోయిన నీళ్ళను తిరిగి పోయకపోతే మలం గట్టిపడుతుందని, ఖాళీ కడుపులో టీ మీద టీ పోస్తే మంట పుడుతుందని, తిని వెంటనే పడుకుంటే యాసిడ్ గొంతులోకి ఎగదన్నుతుందని కొందరు చెబుతారు. వినకండి. అలవాటు మార్చుకోవాలంటే నెలలు పడుతుంది. సీసా తెప్పించుకోవాలంటే ఊరికి ఒక వాయిస్ మెసేజ్ చాలు.

2. సీసా మీద పేరు చదవకండి

మన ఆయుర్వేద పెద్దలకు పనీపాటా లేక ఒక్కో తేడాకి ఒక్కో పేరు పెట్టారు. దినుసుల్ని కషాయం కాచి పులియబెడితే అరిష్టం, కాచకుండా పులియబెడితే ఆసవం అన్నారు. అక్కడితో ఆగారా అంటే అదీ లేదు. కరక్కాయ ప్రధానంగా ఉండే అభయారిష్టం మలబద్ధకానికీ మొలలకీ అన్నారు. కొడిశపాల చెట్టు బెరడుతో చేసే కుటజారిష్టం జిగట విరేచనాలకన్నారు. తుంగముస్తలతో ముస్తారిష్టం అజీర్తికి, జీలకర్రతో జీరకాద్యరిష్టం బాలింతల జీర్ణశక్తికి, కలబందతో కుమార్యాసవం ఇంకోదానికి. మజ్జిగతో చేసే తక్రారిష్టం కూడా ఉంది. అభయారిష్టం, తక్రారిష్టం రెండూ చరక సంహితలో మొలల చికిత్స చెప్పిన అధ్యాయంలోనే ఉన్నాయి. అంటే ఏ మందు ఎవరికి అన్న లెక్క అప్పుడే రాసిపెట్టారన్నమాట.

మన రూముల్లో ఇంత చాదస్తం లేదు. ఇక్కడి వైద్యం ఇలా ఉంటుంది:

"అన్నా, పొద్దున్నుంచి ఆరుసార్లు పోయినా. కాళ్ళు వణకతాండాయి."

"దానికెందుకురా అబ్బీ అంత భయం? నా కాడ అభయారిష్టం ఉండాది. రెండు మూతలు ఏసుకో."

"అది దేనికిన్నా?"

"కడుపుకి రా!"

కరక్కాయ విరేచనకారి. ఆరుసార్లు పోయినవాడు రాత్రికల్లా లెక్క మర్చిపోతాడు. భయం పేరులోనే పోయింది కాబట్టి మిగతాది దేవుడు చూసుకుంటాడు.

3. కొలతలు వైద్యులకి, గుక్కలు మనకి

సీసాతో పాటు ఒక చిన్న ప్లాస్టిక్ కొలత మూత ఇస్తారు. మొదటి రోజే పారేయండి. సాధారణంగా పెద్దవాళ్ళకు చెప్పే మోతాదు 12 నుంచి 24 మిల్లీలీటర్లు. అంతే కొలత నీళ్ళు కలుపుకుని, అన్నం తిన్నాక తాగాలి. ఇందులో మూడు తప్పులు చేయడానికి వీలుంది. మూడూ చేయండి. కొలవకండి, నీళ్ళు కలపకండి, అన్నానికి ముందే కానివ్వండి.

ఒక చిన్న లెక్క. రోజుకు రెండుసార్లు, పూటకు 15 మిల్లీలీటర్ల చొప్పున తాగితే 450 మిల్లీలీటర్ల సీసా పదిహేను రోజులు రావాలి. మీ సీసా గురువారం రాత్రి మూత తీస్తే శుక్రవారం రాత్రికి అడుగంటుతోందా? అయితే నీకున్నది అజీర్తి కాదన్నా అని ఎవడో ఒకడు అంటాడు. వాడితో మాట్లాడటం మానేయండి.

షుగర్ ఉన్నవాళ్ళు ఇంకో గుక్క ఎక్కువే వేసుకోండి. సీసాలో బెల్లమో, తేనో, చక్కెరో దండిగా పడి ఉంటుంది. పులవగా మిగిలిన తీపి ఇంకా అందులోనే ఉంటుంది. అయినా మూలికల మందుకి షుగర్ పెరుగుతుందా?

4. ఆల్కహాల్ లేదని నమ్మండి, నమ్మించండి

ఈ మందు ఎలా తయారవుతుందో ముందు తెలుసుకుంటే అబద్ధం ధీమాగా ఆడొచ్చు. కషాయంలో బెల్లం, తేనె కలుపుతారు. మూలికల పొడులు వేస్తారు. ధాతకీ పువ్వులు వేస్తారు. ఆ ఎర్రటి పువ్వులను అంటిపెట్టుకుని ఉండే ఈస్ట్ వల్ల ద్రవం పులుస్తుంది. కొలత చెప్పని చోట ఎంత ద్రవానికి ఎంత బెల్లం వేయాలి, తేనె అందులో సగం, పొడులు పదోవంతు అని శార్ఙ్గధర సంహితలో సూత్రమే ఉంది. కుండ మూతికి గుడ్డ చుట్టి, మట్టి మెత్తి, దాదాపు నెల రోజులు కదపకుండా ఉంచుతారు. కుండకి చెవి ఆనించి వింటే లోపల బుసబుస ఆగిపోయి ఉండాలి. వెలిగించిన అగ్గిపుల్ల లోపలికి పెడితే ఆరిపోకూడదు. ఆరిపోతే ఇంకా కార్బన్ డయాక్సైడ్ వస్తోందని, పులవడం పూర్తి కాలేదని అర్థం.

ఆ నెల రోజుల్లో తీపిలో కొంత ఆల్కహాల్‌గా మారుతుంది. మూలికల సారాన్ని లాగేదీ, మందు చెడిపోకుండా కాపాడేదీ అదే. అందుకే ఆసవారిష్టాల లేబుల్ మీద స్వయంగా పుట్టిన ఆల్కహాల్ ఉందని, అది 12 శాతం మించదని రాసి ఉంటుంది. మామూలు బీరులో ఉండేది 5 శాతం దగ్గర. అయితేనేం? బీరులో ఎవరో పోశారు, ఇందులో తనంతట తానే పుట్టింది అని వాదించండి. బీరులోనూ తనంతట తానే పుడుతుందని ఎదుటివాడికి తెలియకపోతే మీరే గెలుస్తారు.

ఈ వాదన మన జిల్లాలకు కొత్త కాదు. మద్రాసు ప్రెసిడెన్సీలో రాజాజీ ప్రభుత్వం 1937లో సేలంలో మద్యనిషేధం మొదలుపెట్టి, 1938లో చిత్తూరు, కడప జిల్లాలకు తెచ్చింది. 1995 జనవరిలో ఎన్టీఆర్ రాష్ట్రమంతటా సంపూర్ణ నిషేధం పెట్టారు, 1997లో దాన్ని సడలించారు. నిషేధం వచ్చినప్పుడల్లా కొందరికి ఉన్నట్టుండి జీర్ణశక్తి మీద శ్రద్ధ పుడుతుంది. ఆ శ్రద్ధనే కువైట్‌కి దిగుమతి చేసుకుందాం.

5. సీసాను విమానం ఎక్కించడం ఎలా?

కువైట్‌లో 1960ల మధ్య నుంచి మద్యం దిగుమతి నిషేధం. తేవడం, తయారుచేయడం, అమ్మడం, అన్నీ నేరాలే. మీ సీసాలో ఉన్నది మందా, మద్యమా అని తేల్చేది మీ అమ్మ కాదు, వైద్యుడు కాదు, కౌంటర్ దగ్గర నిలబడ్డ కస్టమ్స్ అధికారి. ఆయనకు శార్ఙ్గధరుడు తెలియదు, సీసా వెనక రాసిన శాతం మాత్రం తెలుస్తుంది.

కాబట్టి ముందు ఆ లేబుల్ పీకేయండి. మందును కూల్‌డ్రింక్ సీసాలో పోసి, లుంగీలో చుట్టి, ఊరగాయ డబ్బాకీ సున్నుండల డబ్బాకీ మధ్య ఇరికించండి. వైద్యుడి చీటీ, కొన్న బిల్లు ఇంట్లోనే వదిలేయండి. పేరులేని నల్లటి ద్రవం, దాన్ని దాచిన పద్ధతి, దానికో కాగితం లేకపోవడం... ఇన్ని కలిసొస్తే అధికారికి అనుమానం రాకుండా ఎలా ఉంటుంది?

ఇంకా తెలివైనవాళ్ళు తమ సూట్‌కేసులో పెట్టుకోరు. మొదటిసారి కువైట్ వస్తున్న పక్క ఊరి కుర్రాడి చేతికిస్తారు. "ఏం లేదు తమ్ముడూ, మా అమ్మ పంపిన మందు" అంటారు. ఎయిర్‌పోర్టులో ఆ పెట్టె ఎవరిదంటే ఆ కుర్రాడిదే. వాడి దగ్గర అరబ్బీ ముక్క లేదు, మీ ఫోన్ నంబరు ఉంది. ఆ రోజు మీ ఫోన్ స్విచాఫ్‌లో ఉంచుకోండి. వాడు మన ఏరియాకి రాలేకపోతాడేమో అన్న బెంగ వద్దు. సెంట్రల్ జైలు సులైబియాలోనే ఉంది.

6. ఊరిదాకా ఎందుకు, రూములోనే పెట్టుకోండి

ఫర్దాలో పనిచేస్తూ ద్రాక్షపళ్ళకు కరువేమిటి? మెత్తబడి పారేసే పెట్టెలు రోజూ ఉంటాయి. ధాతకీ పువ్వుల బదులు బేకరీ ఈస్ట్, మట్టికుండ బదులు మంచినీళ్ళ ప్లాస్టిక్ డబ్బా, వైద్యుడి బదులు యూట్యూబ్. మూత గట్టిగా బిగించి మంచం కిందకు తోసేయండి. పులిసేటప్పుడు పుట్టే గ్యాస్ పోయే దారి లేక డబ్బా ఉబ్బుతుంది. ఏ నడిరాత్రో పేలుతుంది. అప్పుడు వచ్చే వాసన మెట్ల మీదుగా కింద కాపలా ఉండే హారిస్ గది దాకా వెళుతుంది. ఇక మీరు ఎవరికీ చెప్పనక్కర్లేదు. పోలీసుల దృష్టిలో అది ద్రాక్షారిష్టం కాదు, సారా బట్టీ. కేసు అయ్యాక దేశం నుంచి పంపించేస్తారు, వేలిముద్రలు ఉంటాయి కాబట్టి తిరిగి రావడమనే బెడద ఉండదు.

ఇంత ఓపిక లేనివాళ్ళకు మూడో దారి ఉంది. అదే మందు అంటూ ఎవడో రూము బయట అమ్మే సీసా కొనుక్కోండి. 2025 ఆగస్టులో కువైట్‌లో మిథనాల్ కలిసిన దొంగసారా తాగి 23 మంది చనిపోయారు. ఆస్పత్రుల పాలైనవాళ్ళతో కలిపి బాధితులు 160 మంది అని ఆరోగ్యశాఖ చెప్పింది. చాలామంది మనలాగే ఆసియా దేశాల నుంచి వచ్చినవాళ్ళు. కొందరికి చూపు పోయింది, కొందరికి డయాలసిస్ చేయాల్సి వచ్చింది. మిథనాల్‌కి రంగు లేదు, నాలుకకు తేడా తెలియదు. అందుకే నాలుకతో పరీక్షించే పద్ధతినే మన రూమ్ వైద్యులు సిఫారసు చేస్తున్నారు.

7. ఇంగ్లీషు మందుల్ని ఒంటరిగా వదలకండి

విరేచనాలకు క్లినిక్‌లో మెట్రోనిడజోల్ రాసిచ్చారా? ఆ బిళ్ళ వాడినన్నాళ్ళూ, ఆపాక రెండు మూడు రోజులూ ఆల్కహాల్ ముట్టొద్దని డాక్టరు చెబుతాడు. ముట్టుకుంటే వాంతులు, ముఖం ఎర్రబడటం, గుండెదడ రావచ్చని. మీరు ఆల్కహాల్ ముట్టడం లేదు కదా, కుటజారిష్టమే తాగుతున్నారు. బిళ్ళ వేసుకుని పైన గుక్కెడు పోయండి.

పెట్టెలు మోసి నడుం పట్టేసిందని బకాలా కొట్టులో దొరికిన నొప్పి బిళ్ళ వారం రోజులుగా మింగుతున్నారా? డైక్లోఫెనాక్ లాంటివి కడుపు లోపలి పొరను దెబ్బతీస్తాయి, ఆల్కహాల్ తోడైతే పుండు పడి రక్తం కారే ముప్పు పెరుగుతుంది. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడుతున్నవాళ్ళకూ ఆల్కహాల్ విషయంలో హెచ్చరిక ఉంది. ఇవన్నీ ఒకే పొట్టలో కలిస్తే తేల్చుకోవాల్సింది లివరు. సులైబియాలో 2004 నుంచి మురుగునీటి శుద్ధి ప్లాంటు ఒకటి నడుస్తోంది. రోజుకు 37 కోట్ల లీటర్లకు పైగా మురుగును వడగట్టేలా కట్టారు. మన లివరు కూడా ఆ ప్లాంటంతటిదేనని నమ్మడం ఈ చిట్కాకి పునాది.

8. డాక్టరుకి ఒక్క ముక్కా చెప్పకండి

ఎంత నొప్పి వచ్చినా ముందు సీసా, తర్వాత సోడా, తర్వాత ఊళ్ళో అమ్మకు ఫోను, ఆ తర్వాతే ఆస్పత్రి. వెళ్ళాక "ఏమైనా మందులు వాడుతున్నావా?" అని డాక్టరు అడిగితే లేదని తల అడ్డంగా ఊపండి. నాటుమందు మందు కాదు, కాబట్టి అది అబద్ధం కాదు.

కడుపులో పుండ్లలో చాలావాటికి కారణం హెలికోబాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా. దాన్ని ఎవరూ నమ్మకపోతే ఆస్ట్రేలియా డాక్టరు బారీ మార్షల్ 1984లో ఆ బ్యాక్టీరియాను తానే తాగి జబ్బు తెచ్చుకుని చూపించాడు. 2005లో రాబిన్ వారెన్‌తో కలిసి ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఒక పరీక్ష, రెండు వారాల యాంటీబయాటిక్స్‌తో చాలామందికి తగ్గిపోయే జబ్బు అది. అంత తేలిగ్గా తగ్గించుకుంటే ఇక రూములో మాట్లాడుకోవడానికి ఏముంటుంది?

ఒక రహస్యం. కడుపులో రక్తం కారుతుంటే మలం తారులా నల్లగా, జిగురుగా వస్తుంది. అది శరీరం పెట్టే కేక. ఆ కేక వినపడకుండా ఉండాలంటే లోహాసవం తాగండి. అందులో ఇనుము ఉంటుంది కాబట్టి మలం ఎలాగూ నల్లబడుతుంది. రక్తమో, ఇనుమో తేలక మీరూ హాయిగా ఉంటారు, సంగతి చెప్పలేదు కాబట్టి డాక్టరూ తికమకపడతాడు.

9. ఛాతీ నొప్పి వస్తే గ్యాసే అనుకోండి

ఇది అన్నిటికంటే వేగంగా పనిచేసే చిట్కా. ఛాతీ మధ్యలో బండ పెట్టినట్టు బరువు, ఎడమ చేతికో దవడకో లాగడం, ఒళ్ళంతా చల్లటి చెమట. నలభై దాటిన వయసు, చేతిలో సిగరెట్, రాత్రంతా నిద్ర లేదు. ఇన్ని గుర్తులున్నా గ్యాసేనని తీర్మానించండి. ఒకడు వీపు రుద్దాలి, ఒకడు వాము నలిపి పెట్టాలి, ఒకడు రెండు మూతల ద్రాక్షాసవం పట్టించాలి. తేన్పు వస్తే అందరూ "పోయింది, పోయింది" అనాలి. గుండెపోటులో మొదటి గంట ఎంత విలువైనదో డాక్టర్లు చెబుతుంటారు. ఆ గంట ఇలా సద్వినియోగం అవుతుంది. 112కి ఫోన్ చేస్తే అంబులెన్స్ వస్తుందన్న సంగతి రూములో ఎవరికీ గుర్తు రానివ్వకండి.

10. పుణ్యం పంచండి

మంచి మందు ఒక్కరే తాగితే పాపం. పక్క రూము వాళ్ళకు మూతకు ఇన్ని ఫిల్స్ అని పోసి ఇవ్వండి. అప్పటిదాకా మీ దగ్గరున్నది మందే అని వాదించే అవకాశం ఉండేది. డబ్బు చేతులు మారాక అదీ ఉండదు. కఫీల్ ఇంట్లో పనిచేసే అక్కలకు ఇంకా మంచి అవకాశం. చంటిపిల్లాడు కడుపునొప్పితో ఏడుస్తుంటే ఇంటి యజమానురాలు మామా చూడకుండా ఒక చెంచా పట్టించండి. పిల్లాడు వెంటనే నిద్రపోతాడు. ఎందుకు నిద్రపోయాడో ఆస్పత్రిలో రక్తపరీక్ష చేస్తే తెలుస్తుంది. అప్పుడు మీ తరఫున ఎవరు ఏ భాషలో జవాబు చెబుతారో ముందే చూసిపెట్టుకోండి.

చివరిగా, తలకిందులుగా కాకుండా ఒక మాట

ఆసవాలూ అరిష్టాలూ బూటకం కావు. మోతాదు, పథ్యం, ఎవరికి ఇవ్వకూడదన్న హెచ్చరిక అన్నీ ఉన్న మందులు. కోనసీమలో చింతలూరు లాంటి ఊళ్ళు వాటి తయారీతోనే తెలుగునాట పేరు తెచ్చుకున్నాయి. శాస్త్రం తెలిసిన వైద్యుడు నాడి చూసి, జబ్బు అడిగి ఇస్తే వాటి తీరు వేరు. రూములో నోటిమాట మీద చేతులు మారే సీసాకి ఆ శాస్త్రంతో సంబంధం లేదు.

సులైబియాలో మన కడుపుకి కావలసినవి చాలావరకు చట్టబద్ధంగా, చవగ్గా జమియా (సహకార దుకాణం)లోనూ మలయాళీ, తెలుగువాళ్ళ కొట్లలోనూ దొరుకుతాయి. వాము, జీలకర్ర, శొంఠి, ఇంగువ, పక్కనే చల్లటి లబన్ మజ్జిగ. అర్ధరాత్రి పనికి వెళ్ళేవాళ్ళు రెండు ఖుబూజ్‌లూ ఒక అరటిపండూ జేబులో పెట్టుకోండి, గంటకోసారి నీళ్ళు తాగండి, తిన్నాక రెండు గంటలు నడుం వాల్చకండి. నల్లటి మలం, రక్తపు వాంతి, కారణం లేకుండా బరువు తగ్గడం, మింగుడు పడకపోవడం, ఛాతీలో బరువు, వీటిలో ఏది కనబడినా రూమ్ వైద్యుడి దగ్గర ఆగకండి. బతాకా (సివిల్ ఐడీ) జేబులో పెట్టుకుని ఆస్పత్రికి వెళ్ళండి. ఏం తాగారో, ఎంత తాగారో డాక్టరుకి ఉన్నదున్నట్టు చెప్పండి.

అరిష్టమే కావాలంటే సెలవుకి ఊరెళ్ళినప్పుడు వైద్యుడికి చూపించుకుని, అక్కడే తాగి, సీసా అక్కడే వదిలేసి విమానం ఎక్కండి. ఎవరు ఎంత బతిమాలినా ఇంకొకరి సీసాను మాత్రం మీ పెట్టెలో పెట్టుకోకండి.